మీర్ జుమ్లా

మీర్ జుమ్లా (సుమారు 1591 – 1663) గోల్కొండ కుతుబ్ షాహీ రాజ్యంలో మంత్రిగా, సేనాధిపతిగా, ఆ తరువాత మొఘలు సామ్రాజ్యంలో వజీరుగా, బెంగాల్ సుబేదారుగా పనిచేసిన పారశీకుడు. ఇతని అసలు పేరు మీర్ ముహమ్మద్ సయీద్ అర్దిస్తానీ. మీర్ జుమ్లా అనేది గోల్కొండ రాజ్యంలో ఒక ఉన్నత పదవి పేరు. ఆ పదవిని నిర్వహించినవారు మరికొందరు ఉన్నప్పటికీ చరిత్రలో ఆ పేరు ఇతనికే స్థిరపడిపోయింది. కడప జిల్లాలో జమ్మలమడుగుకు సమీపాన, పెన్నానది లోయ అంచున ఉన్న గండికోటను 1650లో పెమ్మసాని నాయకుల నుండి జయించినవాడు ఇతడే.

పాఠ్యపుస్తకాలలో మీర్ జుమ్లా పేరు సాధారణంగా గండికోట ముట్టడి, ఔరంగజేబు వారసత్వ యుద్ధం, అస్సాం దండయాత్ర సందర్భాలలో కనిపిస్తుంది. కాని ఇతడు మొదట వర్తకుడు, చివరి వరకూ వర్తకుడే. బర్మా నుండి పర్షియా వరకు అనేక దేశాల రేవులలో ఏకకాలంలో సాగిన పెద్ద వ్యాపారాన్ని ఇతడు కొంతకాలం సముద్రానికి ఎంతో దూరాన ఉన్న గండికోట నుండే నడిపించాడు. ఈ వ్యాసంలో ఆ విషయానికి ఎక్కువ చోటు ఇవ్వబడింది.

తొలి జీవితం

మీర్ జుమ్లా ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరానికి చేరువలో ఉన్న అర్దిస్తాన్‌లో ఒక పేద సయ్యద్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి నూనె వ్యాపారి అని చెబుతారు. చదవడం, వ్రాయడం నేర్చుకున్నందువల్ల ఒక వజ్రాల వర్తకుని వద్ద గుమాస్తాగా కుదిరే అవకాశం ఇతనికి లభించింది. ఆ వర్తకునికి గోల్కొండతో సంబంధాలు ఉండేవి. ఇటలీ దేశస్థుడైన మనూచీ మాత్రం, మీర్ జుమ్లా గోల్కొండకు వచ్చిన కొత్తలో వీధులలో చెప్పులు అమ్మాడని చెబుతాడు. పెద్ద పదవులకు ఎదిగినవారి గురించి ఇటువంటి కథలు పుట్టడం సహజం కనుక దీనిని అంతగా పట్టించుకోనవసరం లేదు.

ఇతడు గోల్కొండ రాజ్యానికి వచ్చినది సుమారు 1630 ప్రాంతంలో. ఆనాటి సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా (పాలన 1626–1672). కుతుబ్ షాహీలు షియా మతస్థులు, పారశీక సంస్కృతిని ఆదరించినవారు. అందువల్ల చదువుకున్న ఇరానీయులకు గోల్కొండ కొలువులోనూ, మచిలీపట్నం రేవులోనూ మంచి ఆదరణ ఉండేది. మచిలీపట్నంలో ఇరానీ ఓడ వర్తకులు అప్పటికే స్థిరపడి ఉన్నారు.

వజ్రాల గనులు

మీర్ జుమ్లా సంపదకు పునాది వజ్రాలే. కృష్ణానది ఒడ్డున కొల్లూరు వంటి చోట్ల ఉన్న గనులు ఆ కాలంలో ప్రపంచ ప్రసిద్ధి పొందినవి. బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే వరకు, అంటే 18వ శతాబ్ది తొలి దశకాల వరకు, ప్రపంచ విపణికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుండే వెళ్ళేవి. కొల్లూరు గనులలో దాదాపు 60,000 మంది స్త్రీలు, పురుషులు, పిల్లలు పనిచేస్తుండేవారని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే పేర్కొన్నాడు. గనులను ప్రభుత్వం గుత్తకు ఇచ్చేది. మీర్ జుమ్లా ఒకే పేరుతో కాక పలువురి పేర్ల మీద ఈ గుత్తలను సంపాదించాడని మరొక ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే వ్రాశాడు. నేటి వ్యాపార పరిభాషలో బినామీ అంటున్నది ఇదే. ఇతని వద్ద 20 మణుగుల వజ్రాలు ఉండేవని థెవెనో అనే యాత్రికుడు వ్రాసినదానిలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. అయితే రాజ్యంలో సుల్తాను తరువాత అంతటి ధనవంతుడు లేడన్న విషయంలో సమకాలికులందరిదీ ఒకే మాట.

ధనం పదవిని తెచ్చింది, పదవి మరింత ధనాన్ని తెచ్చింది. 1630ల మధ్యలో ఇతడు మచిలీపట్నం హవల్దారు అయ్యాడు. రేవు సుంకాలు, తీరంలోని విదేశీ కంపెనీలతో వ్యవహారాలు హవల్దారు చేతిలో ఉండేవి. ఎవరి ఓడ ఎప్పుడు బయలుదేరుతున్నదో, ఏ సరుకుకు ఏ రేవులో గిరాకీ ఉన్నదో ఆ కచ్చేరీలో కూర్చున్నవానికి అందరికంటే ముందు తెలిసేది. స్వయంగా ఓడలు నడిపేవానికి అంతకు మించిన చోటు మరొకటి ఉండదు. 1637లో సర్‌ఖేల్ పదవి, తరువాత మీర్ జుమ్లా పదవి లభించాయి.

కర్ణాటక దండయాత్ర, గండికోట

తళ్ళికోట యుద్ధం (1565) తరువాత క్షీణిస్తూ వచ్చిన విజయనగర రాజ్యాన్ని 1640లలో ఉత్తరం నుండి గోల్కొండ, పడమర నుండి బీజాపూరు ఆక్రమించసాగాయి. ఆనాటి విజయనగర ప్రభువు మూడవ శ్రీరంగరాయలు. గోల్కొండ సేనలకు నాయకత్వం వహించిన మీర్ జుమ్లా ఉదయగిరిని పట్టుకొని, 1647 నాటికి మద్రాసు పరిసర ప్రాంతాల వరకు చేరుకున్నాడు. తరువాత సిద్ధవటం మొదలైన కడప సీమ దుర్గాల వైపు తిరిగాడు.

వీటన్నిటిలో గండికోట అతి దుర్భేద్యమైనది. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించేచోట, నిట్టనిలువు రాతిగోడల పైన ఈ కోట ఉన్నది. పెమ్మసాని వంశపు చినతిమ్మానాయుడు అప్పటి పాలకుడు. 1650లో కోట మీర్ జుమ్లా వశమైంది. గోల్కొండ పక్షాన ఉన్న పొదిలి లింగన్న సంప్రదింపులు నడిపాడని, తిమ్మానాయుడు విషప్రయోగానికి గురయ్యాడని ఆ ప్రాంతంలో కథనం ఉంది. యుద్ధం కంటే బేరంతో కోటలను పట్టడం మీర్ జుమ్లా ఇతర చోట్ల కూడా అనుసరించిన పద్ధతి. కోటలోని నాయకుని ఏ ధరకు కొనవచ్చునో ఇతడు ముందుగా లెక్క వేసుకునేవాడు.

ఈ విజయాలతో సుమారు 300 మైళ్ళ పొడవు, 50 మైళ్ళ వెడల్పు గల భూభాగం ఇతని చేతికి వచ్చిందని, దానిపై ఏటా 40 లక్షల రూపాయల ఆదాయం ఉండేదని చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ పేర్కొన్నాడు. పేరుకు అది గోల్కొండ సుల్తానుదే. అక్కడి సైన్యానికి జీతం ఇచ్చేది మాత్రం మీర్ జుమ్లా. ఫిరంగులు నడిపేందుకు ఐరోపావారిని నియమించుకున్నాడు. గండికోటలో ఒక ఫ్రెంచివాని చేత 20 ఫిరంగులు పోత పోయించే ప్రయత్నం చేశాడని, అందుకు లోహం కోసం ఆలయాల నుండి విగ్రహాలను తెప్పించాడని, గండికోట ఆలయ విగ్రహాలు ఆరింటిని ఎంత ప్రయత్నించినా కరిగించలేకపోయారని తావెర్నియే వ్రాశాడు.

గండికోట నుండి సాగిన వ్యాపారం

గండికోట నుండి మచిలీపట్నానికి సూటిగా గీత గీస్తే సుమారు 340 కిలోమీటర్లు, మద్రాసుకు సుమారు 290 కిలోమీటర్లు. దారిలో కొండలు, అడవులు, వర్షాకాలంలో పొంగే నదులు. ఓడల యజమాని అయినవాడు రేవును వదిలి ఇంత దూరాన కూర్చోవడం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే గనుల నుండి, నేతగాళ్ళ గ్రామాల నుండి, కొత్తగా జయించిన తీరప్రాంతం నుండి వచ్చే వార్తలన్నీ ఒకచోటికి చేరాలంటే సైన్యం ఉన్నచోటే కచ్చేరీ కూడా ఉండటం ఇతనికి తప్పలేదు.

ఇతనికి సొంతంగా పది వరకు ఓడలు ఉండేవని అంచనా. తూర్పున అరకాన్, పెగూ, తెనాసెరీం, సుమత్రా దీవిలోని అచే, ఇంకా తూర్పున మకస్సార్. పడమరన పర్షియా రేవులు, ఎర్రసముద్ర తీరంలోని మోఖా. ఇంతమేర ఇతని సరుకు తిరిగేది. కోరమాండల్ తీరపు నూలువస్త్రాలు, కలంకారీ అద్దకపు గుడ్డలు ఇక్కడి నుండి వెళ్ళేవి. పెగూ నుండి కెంపులు, ఏనుగులు, మలయా ప్రాంతం నుండి తగరం, మకస్సార్ నుండి సుగంధద్రవ్యాలు వచ్చేవి. ఒక్కొక్క రేవులో ఒక్కొక్క రాజు, ఒక్కొక్క నాణెం, ఒక్కొక్క తూనిక, ఒక్కొక్క భాష. రుతుపవనాలను బట్టి ఓడ ఏడాదిలో ఒక నిర్ణీత సమయంలోనే బయలుదేరగలదు. తప్పిపోతే మరుసటి ఏటి వరకు ఆగవలసిందే. మకస్సార్‌కు వ్రాసిన జాబుకు సమాధానం ఒక సంవత్సరం దాటితే గాని అందేది కాదు. ఆ సంవత్సరంలో అక్కడి ప్రతినిధి సొంత బుద్ధితో నిర్ణయాలు తీసుకోవలసిందే. కనుక మనిషిని ఎన్నుకోవడమే అసలు పని. దూరపు రేవులలో ఇతని ప్రతినిధులుగా ఇరానీయులు, తీరప్రాంతంలో తెలుగు అధికారులు, వర్తకులు పనిచేశారు. తీరంలో ఇతని ముఖ్య అధికారిగా ఉన్న తుపాకి కృష్ణప్ప పేరు ఇంగ్లీషు కంపెనీ పత్రాలలో తరచుగా కనిపిస్తుంది.

ఈ కచ్చేరీ పనితీరును కళ్ళారా చూసి వ్రాసిపెట్టినవాడు తావెర్నియే. అతడు 1652 సెప్టెంబరులో గండికోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్మాలన్నది అతని ఉద్దేశం. విలువైన వస్తువు ఏదైనా మీర్ జుమ్లా చూడనిదే సుల్తాను కొనడని తెలిసి, ముందుగా ఇక్కడికి రావలసి వచ్చింది. మీర్ జుమ్లా ఒక డేరాలో చెప్పులు లేకుండా కూర్చొని ఉన్నాడు. కాలివేళ్ళ సందులలో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందులలో కొన్ని ఉత్తరాలు గుచ్చిపెట్టుకొని ఉన్నాడు. ఒకసారి కాలి నుండి, ఒకసారి చేతి నుండి ఒక్కొక్కటే తీసి, ఇద్దరు వ్రాయసగాళ్ళకు సమాధానాలు చెబుతున్నాడు. కొన్నింటిని స్వయంగా వ్రాశాడు. వ్రాసినవాటిని చదివించుకొని విని, తానే ముద్ర వేశాడు. తరువాత వాటిని కొన్ని కాలినడక వార్తాహరులతోనూ, కొన్ని గుర్రపు రౌతులతోనూ పంపించాడు. మధ్యలో నేరస్థులను తీసుకువస్తే అక్కడికక్కడే విచారించి శిక్షలు నిర్ణయించాడు. వజ్రాలను కూడా తెప్పించి అతిథికి చూపాడు.

విద్యార్థులు ఈ దృశ్యంలో వింతను మాత్రమే చూసి వదిలివేయరాదు. ఏ ఉత్తరానికి ముందు జవాబు వెళ్ళాలో, ఏది ఆగవచ్చునో ఆ వేళ్ళ సందులలోనే ఒక క్రమం ఉన్నదనుకోవచ్చు. వ్రాసినది చదివించుకొని వినడం, ముద్రను ఇతరుల చేతికి ఇవ్వకపోవడం అనే రెండు జాగ్రత్తలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. దూరాన ఉన్న గుమాస్తా తన చేతికి అందిన ఆజ్ఞ యజమానిదేనని నమ్మాలంటే ఆ ముద్ర ఒక్కటే ఆధారం.

కాలినడక వార్తాహరులు గుర్రపు రౌతులకంటె త్వరగా ఉత్తరాలు చేర్చేవారని కూడా తావెర్నియే వ్రాశాడు. కారణం అంచెల పద్ధతి. దారి పొడవునా రెండేసి లీగుల దూరానికి ఒక గుడిసె, అందులో సిద్ధంగా ఉండే మనుషులు. పరుగున వచ్చినవాడు ఉత్తరాలను గుడిసె వాకిట విసిరేవాడు. చేతికి ఇస్తే అశుభమని నమ్మకం. రెండవవాడు వాటిని ఏరుకొని వెంటనే పరుగు అందుకునేవాడు. చీకటిలో దారి తప్పకుండా సున్నం పూసిన రాళ్ళు ఉండేవి. గండికోటలోని ఆజ్ఞ తీరానికి చేరడంలో ఈ పేరు తెలియని మనుషుల పాత్ర ఎంతో ఉన్నది.

కంపెనీలతో సంబంధాలు

ఆనాడు కోరమాండల్ తీరంలో డచ్చి కంపెనీకి పులికాట్ ప్రధాన స్థావరం. ఇంగ్లీషు కంపెనీ 1639లో మద్రాసులో స్థలం పొంది కోట కట్టుకున్నది. పోర్చుగీసువారు శాంథోంలో ఉన్నారు. 1600లో ఇంగ్లీషు కంపెనీ, 1602లో డచ్చి కంపెనీ ఏర్పడ్డాయి. వాటాదారుల సొమ్ము, లండన్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో డైరెక్టర్లు, ఆసియా రేవులలో జీతగాళ్ళు, ఏటా పంపవలసిన లెక్కలు, ఇవి వాటి నిర్మాణం. మీర్ జుమ్లా వ్యాపారంలో వాటాదారులు లేరు, డైరెక్టర్లు లేరు. అన్నిటికీ తానొక్కడే.

ఈ కంపెనీలతో ఇతని వ్యవహారం స్నేహమో, శత్రుత్వమో తేల్చి చెప్పలేము. మద్రాసులో ఇంగ్లీషువారికి ఉన్న హక్కులను ధ్రువీకరించాడు. వారికి అప్పులు కూడా ఇచ్చాడు. వారినుండి ఫిరంగి నిపుణులను అడిగి తీసుకున్నాడు. తన సరుకులో కొంత వారి ఓడలలో పంపించాడు. మరోవైపు, తీరంలో వస్త్రాల కొనుగోలును తన అదుపులోకి తెచ్చుకొని కంపెనీలు తన వద్దనే కొనేటట్లు ఒత్తిడి చేశాడు.

డచ్చివారితో వచ్చిన తగవు ముఖ్యంగా పాసుల గురించి. పూర్వం పోర్చుగీసువారు ప్రవేశపెట్టిన పద్ధతినే డచ్చివారు అనుసరించి, తమ అనుమతి పత్రం లేని ఆసియా ఓడలను పట్టుకునేవారు. సుగంధద్రవ్యాల దీవుల వైపు, తగరం దొరికే మలయా రేవుల వైపు వెళ్ళే ఓడలకు పాసులు నిరాకరించేవారు. మీర్ జుమ్లాకు యుద్ధనౌకలు లేవు. సముద్రం మీద డచ్చివారిని ఎదిరించగల శక్తి అతనికి లేదు. అయితే డచ్చివారు కొనవలసిన గుడ్డ నేసే గ్రామాలు, వారి స్థావరాలకు ధాన్యం వచ్చే దారులు ఇతని చేతిలో ఉన్నాయి. సముద్రంలో తన ఓడకు ఆటంకం కలిగితే, భూమి మీద వారి వర్తకానికి ఆటంకం కలిగించేవాడు. ఈ సమతూకం ఉన్నంతకాలం ఇరుపక్షాలూ ఏదో ఒక రాజీకి వచ్చేవి. ఇతని వ్యాపారానికి అసలైన బీమా ఈ భూభాగమే అని చెప్పవచ్చు.

గోల్కొండతో తెగతెంపులు

సొంత సైన్యం, సొంత ఆదాయం గల మంత్రిని ఏ సుల్తానూ ఎక్కువకాలం సహించడు. అబ్దుల్లా కుతుబ్ షా తనను దెబ్బతీయనున్నాడని గ్రహించిన మీర్ జుమ్లా ఒకేసారి పర్షియా చక్రవర్తితో, బీజాపూరుతో, దక్కనులో మొఘలు ప్రతినిధిగా ఉన్న ఔరంగజేబుతో ఉత్తరాలు నడిపాడు. వ్యాపారంలో మూడు రేవులలో ధరలు విచారించి సరుకు దించినట్లే ఇదీ జరిగింది.

వ్యవహారం తెగేవరకు వచ్చినది ఇతని కుమారుడు ముహమ్మద్ అమీన్ వల్ల. గోల్కొండలో ఉన్న అమీన్ మద్యం మత్తులో దర్బారుకు వచ్చి సుల్తాను ఆసనంపై పడి నిద్రపోయాడని చెబుతారు. 1655 నవంబరులో సుల్తాను అతనిని కుటుంబంతో సహా బంధించి ఆస్తులను స్వాధీనం చేసుకున్నాడు. దీనిని సాకుగా తీసుకొని ఔరంగజేబు 1656 జనవరిలో గోల్కొండపై దండెత్తాడు. హైదరాబాదు దోపిడీకి గురైంది. చివరకు సుల్తాను సంధి చేసుకొని, తన కుమార్తెను ఔరంగజేబు కుమారునికి ఇచ్చి వివాహం చేశాడు. మీర్ జుమ్లా తన సేనలతో, ధనంతో వచ్చి మొఘలు పక్షంలో చేరి, అదే సంవత్సరం ఢిల్లీ చేరుకొని షాజహానుకు విలువైన వజ్రాలను కానుకగా ఇచ్చాడు. వాటిలో కోహినూరు కూడా ఉన్నదని ప్రచారంలో ఉన్న మాటకు గట్టి ఆధారం లేదు. ముఅజ్జం ఖాన్ బిరుదుతో మొఘలు సామ్రాజ్యపు వజీరు పదవి లభించింది.

కర్ణాటక జాగీరు మీర్ జుమ్లాకే చెందుతుందని షాజహాను అంగీకరించాడు. గోల్కొండ సుల్తాను అంగీకరించలేదు. యజమాని ఢిల్లీకి వెళ్ళాడని తెలియగానే తీరంలో పరిస్థితి మారింది. 1656లో మద్రాసు ఇంగ్లీషువారు పాత తగవులను పురస్కరించుకొని ఇతని ఓడనొకదానిని పట్టుకున్నారు. గండికోటలో అతడున్న రోజులలో వారు ఇంత సాహసం చేసి ఉండేవారు కారు. తుపాకి కృష్ణప్ప 1657–58లో కొన్ని నెలలు మద్రాసు కోటను ముట్టడించాడు. 1658లో కుదిరిన ఒప్పందం ప్రకారం రేవు సుంకాలకు బదులుగా ఇంగ్లీషువారు ఏటా 380 వరహాలు చెల్లించడానికి అంగీకరించారు. ఓడ పరిహారం విషయం మాత్రం తేలక తరువాత కూడా కొనసాగింది. గండికోట కేంద్రంగా సాగిన వ్యవస్థ మళ్ళీ కోలుకోలేదు.

మొఘలు కొలువులో

1657లో బీదరు, కళ్యాణి ముట్టడులలో మీర్ జుమ్లా ఔరంగజేబుకు తోడ్పడ్డాడు. షాజహాను కుమారుల మధ్య పోరు మొదలైనప్పుడు, 1658 జనవరిలో ఔరంగజేబు ఇతనిని బంధించి దౌలతాబాదు కోటలో ఉంచాడు. ఇది ఇద్దరూ కలిసి ఆడిన నాటకమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఏమైనా ఇతని ధనం, ఫిరంగులు ఔరంగజేబు వశమయ్యాయి. విడుదలయ్యాక 1659 జనవరిలో ఖజ్వా యుద్ధంలో పాల్గొని, ఓడిన షా షుజాను బెంగాల్ వరకు తరిమాడు. షుజా 1660లో అరకాన్‌కు పారిపోయాడు.

1660లో బెంగాల్ సుబేదారుగా నియమితుడై రాజధానిని రాజమహల్ నుండి ఢాకాకు మార్చాడు. ఇక్కడ కూడా వర్తకం మానలేదు. ముఖ్యమైన సరుకుల వ్యాపారాన్ని గుత్తగా తన చేతిలో ఉంచుకోవాలని ప్రయత్నించాడు. హుగ్లీలోని ఇంగ్లీషు ఏజెంటు బాకీ క్రింద ఒక పడవను పట్టుకుంటే, వారి వర్తకాన్ని ఆపివేస్తానని బెదిరించి దానిని విడిపించాడు. కోరమాండల్‌లో ప్రయోగించిన పాత ఉపాయమే ఇది. 1661లో బెంగాల్ తీరంలో ధ్వంసమైన టెర్ షెల్లింగ్ అనే డచ్చి ఓడ నావికులు కొందరిని తన సైన్యంలో చేర్చుకున్నాడు.

1661 చివరలో కూచ్ బిహార్‌ను జయించి, 1662 మార్చిలో అహోం రాజధాని గఢ్‌గావ్‌ను ఆక్రమించాడు. ఆ వెంటనే వచ్చిన వర్షాకాలం మొఘలు సైన్యాన్ని దిగ్బంధించింది. రహదారులు మునిగి, పడవలు రాక, ఆహారం అందక, జ్వరాలతో సైనికులు పెద్దసంఖ్యలో మరణించారు. ఉత్తరం అందని చోట ఈ సేనాని చేయగలిగింది కూడా తక్కువే. 1663 జనవరిలో అహోం రాజు జయధ్వజ సింహునితో సంధి చేసుకొని తిరుగు ప్రయాణమయ్యాడు. అప్పటికే ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. 1663 మార్చి చివరలో ఢాకాకు సమీపాన ఖిజ్ర్‌పూర్ వద్ద పడవలో మరణించాడు. ఈ దండయాత్ర వివరాలను సైన్యంతో పాటు ఉన్న షిహాబుద్దీన్ తాలిష్ పారశీక భాషలో గ్రంథస్థం చేశాడు.

కుమారుడు ముహమ్మద్ అమీన్ ఖాన్ ఔరంగజేబు కొలువులో కాబూలు, గుజరాత్ సుబేదారుగా పనిచేసి 1682లో మరణించాడు. తండ్రి ఓడల వ్యాపారాన్ని అతడు అందుకోలేదు.

ఆనవాళ్ళు

అస్సాం–మేఘాలయ సరిహద్దులోని మన్‌కాచర్‌లో ఉన్న సమాధి మీర్ జుమ్లాదని చెబుతారు. ఢాకాలో ఇతని పేరుతో ఒక ద్వారం, ఇతని కాలానిదని భావించే బీబీ మరియం అనే ఫిరంగి ఉన్నాయి. గండికోటలో జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ, రంగనాథ ఆలయాలు సందర్శకులు చూడదగినవి. మసీదు ఇతని కాలంలో కట్టినదని స్థానికంగా చెప్పుకుంటారు. తావెర్నియే వర్ణించిన డేరా ఏ చోట ఉండేదో తెలిపే గుర్తు ఏదీ కోటలో లేదు.